చీలమండకు కట్టు

ఆ కాగితంలో మొదటి పేరు మా అక్క కూతురిదే. అర్హత పోటీల చివరి మ్యాచ్‌లో ఓడినవాళ్లు పొద్దున పదింటిలోగా రిఫరీ బల్ల దగ్గర సంతకం పెట్టి, రాకెట్లతో సహా అక్కడే కనిపెట్టుకుని ఉండాలి. అసలు పోటీలో ఎవరైనా మ్యాచ్‌కు ముందు తప్పుకుంటే, కాగితంలో మొదట ఉన్నవాళ్లకు ఆ చోటు దక్కుతుంది. ఒకసారి ఆట మొదలైందా, ఎవరు కూలబడినా ఆ చోటు ఇంకెవరికీ రాదు.

పదకొండేళ్లుగా అది ఈ టెన్నిసే ఆడుతోంది. కోచ్‌ని వెంటబెట్టుకునే తాహతు లేదు. మా ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే కనుక తోడు తిరుగుతున్నాను. సీసాల్లో నీళ్లు నింపుతాను, చెమట బట్టలు సింకులో ఉతికి కిటికీకి ఆరేస్తాను, ఓడిపోయినప్పుడు పక్కన నోరు మూసుకుని కూర్చుంటాను. అన్నిటికంటే కష్టం ఆ చివరిదే.

పోయినేడు ఇదే వారం అది అసలు పోటీలో ఒక మ్యాచ్ గెలిచింది. ఏడాది తిరగగానే ఆ పాయింట్లు ఎగిరిపోతాయి. ఈసారి కూడా ఒకటి గెలవకపోతే, సోమవారం వచ్చే ర్యాంకుల జాబితాలో అది అర్హత పోటీలకు కూడా రానివ్వనంత కిందికి జారిపోతుంది. ఇరవైతొమ్మిదేళ్ల వయసులో మళ్లీ మొదటినుంచి ఎక్కుకుంటూ రావడం ఆ మోకాళ్ల వల్ల కాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

మధ్యాహ్నానికి మొదటి రౌండులో ఒక్క మ్యాచ్ మిగిలింది. కాగితంలో రెండో పేరున్న పొడుగు పిల్ల మా పక్కనే కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

"ఎవరికైనా కడుపునొప్పి వస్తే బాగుండు," అంది.

"అలా అనుకోకూడదమ్మా."

"నాకోసం కాదాంటీ, అక్క కోసం. నాకోసమైతే ఇద్దరికి రావాలిగా."

ముగ్గురం నవ్వుకున్నాం. అంతలో అందరూ మిరపకాయ అని పిలిచే పదిహేడేళ్ల పిల్ల కుంటుకుంటూ వచ్చింది. ఆ మిగిలిన మ్యాచ్ ఆడాల్సింది తనే.

"అక్కా, ఫిజియో దగ్గర ముగ్గురున్నారు. ఇరవై నిమిషాల్లో నన్ను ఆటకి పిలుస్తారు. నీ అంత బాగా ఎవరూ కట్టరంటారు కదా, టేపు వేసి పెట్టవా?"

చీలమండ బన్నులా వాచి ఉంది.

"ఇంత వాపుతో ఏం ఆడతావమ్మా, మానెయ్యరాదూ," అన్నాను. అందులో జాలి ఎంతో, ఆశ ఎంతో నాకే తెలియలేదు.

"మానేస్తే మా నాన్న బతకనివ్వడాంటీ."

మా పిల్ల కింద కూర్చుని ఆ పాదాన్ని తన తొడ మీదికి తీసుకుంది. నేను దాని భుజం మీద చెయ్యి వేసి నొక్కాను.

"ఒసే, ఫిజియోనే కట్టనీ. మనకెందుకొచ్చిన గొడవ."

అది తలెత్తలేదు. "పిన్నీ, కత్తెర ఇలా ఇవ్వు."

ఇచ్చాను.

కట్టు పూర్తయ్యాక మిరపకాయ నాలుగుసార్లు గెంతి చూసుకుంది. "కొత్త కాలు పెట్టేశావక్కా," అని కోర్టు వైపు పరిగెత్తింది. మొదటి సర్వీసు పడగానే రిఫరీ మా కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, ఇక వెళ్లొచ్చన్నాడు.

"అక్కా, నీకు పిచ్చి," అంటూ పొడుగు పిల్ల సంచి భుజాన వేసుకుంది. ఆ గొంతులో కోపం లేదు.

మూడో గేమ్‌లో ఒక బంతి కోసం పక్కకు దూకిన మిరపకాయ ఇక లేవలేకపోయింది. ఇద్దరు పట్టుకుని లేపితే, ఒంటికాలి మీద వెళ్లి ఎదుటి అమ్మాయికి చెయ్యి కలిపి ఆట వదిలేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "కాస్త వదులుగా కట్టి ఉంటే ముందే మానుకునేది కదే," అన్నాను.

"వదులుగానే కడదామనుకున్నా పిన్నీ." మిగిలిన టేపు చుట్టను సంచిలో వేస్తూ అంది, "చేతకాలేదు."

రిఫరీ దగ్గర పనిచేసే ఆవిడ మమ్మల్ని చూసి ఇటు వచ్చింది. "ఇప్పుడు గెలిచిన అమ్మాయికి రేపు ప్రాక్టీసులో ఎదురు ఆడే మనిషి కావాలట. నువ్వెలాగూ ఖాళీయే కదా?"

నేను ఏదో అనబోయాను.

"ఎన్నింటికి?" అంది మా పిల్ల.

"ఏడింటికి."

"సర్వీసులు వెయ్యాలా, ఊరికే ర్యాలీనా?"

"సర్వీసులే అడిగింది."

"సరే, వేస్తాను."