ముళ్లపొదలో అత్తమ్మ

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: నేను ఇంట్లో లేని పూట నా కూతురు థోకో కంట్లో అమతుంగులు పొద ముల్లు దిగుతుందని. ఆ ముల్లు కొస రెండుగా చీలి ఉంటుంది. ఒకటి తప్పినా రెండోది ఉండనే ఉంది. తొమ్మిదో తరగతితో నా బడి ఆగిపోయింది గానీ, భయపడ్డానికి ఆ చదువు చాలు.

సముద్రం పక్కన మా ఇసుక దిబ్బ నిండా ఆ పొదలే. ఉప్పుగాలికి మిగతా మొక్కలు మాడిపోతాయి. ఇది మాత్రం తెల్లటి పూలతో ఘుమఘుమలాడుతూ, ఎర్రటి పండ్లు చూపించి పిల్లల్ని పిలుస్తుంది.

మొన్న ఆటు వేళకి ఆల్చిప్పలు ఏరడానికి బయల్దేరుతూ, "అత్తమ్మా, పిల్లని పొదల దగ్గరికి పోనివ్వకండి" అన్నాను.

"నీ మొగుణ్ణి పెంచిందెవరనుకున్నావ్? కోతా?" అంది.

తిరిగొచ్చేసరికి ఇల్లు ఖాళీ. పొయ్యి మీద మొక్కజొన్న ముద్ద మాడుతోంది. పరుగున దిబ్బెక్కి పిలిచాను. పెద్ద పొదలోంచి కిలకిలా నవ్వు! కింద చిన్న జింకలు దూరే కంత ఉంది. బోర్లా పడుకుని పాకాను. రెండు మూరలు పోయానో లేదో, ముల్లు నా తలగుడ్డ లాగేసింది. జులూ కోడలు అత్త ముందు తలగుడ్డ లేకుండానా!

లోపల అత్తమ్మ కాళ్లు చాపుకుని కూర్చునుంది. మూతి నిండా ఎర్రరసం, గడ్డం మీద పండ్లలోంచి కారిన తెల్లటి పాలు. ఒళ్లో థోకో, ఒంటి మీద ఒక్క గీత లేదు.

"నీ తల నేను చూళ్లేదులే, కోడలా" అని అత్తమ్మ కళ్లు మూసుకుంది. "ముందు నన్ను ఊడదియ్యి."

శాలువా, లంగా అన్నీ ముళ్లకి చిక్కుకుని ఉన్నాయి.

"పిల్లని ఈ ముళ్లలోకి తీసుకొస్తారా అత్తమ్మా?"

"నేనా? రోజూ అదే నన్ను తెస్తుంది!"

శాలువా పట్టుకుని గుంజాను. నా చెయ్యి కూడా చిక్కుకుంది.

"లాగకూడదమ్మా," అంది థోకో, "వెనక్కి పోవాలి." బుల్లి వేళ్లతో కొమ్మని వెనక్కి నెట్టి, ముందు నన్ను, తర్వాత వాళ్ల నాయనమ్మని విడిపించింది. నా తలగుడ్డ తెచ్చి మాత్రం తనే చుట్టుకుంది.

సోమవారం మళ్లీ ఆల్చిప్పలకి పోవాలి. మీరెవరైనా ఆ దిబ్బ దారిన పోతుంటే పెద్ద పొద దగ్గర కాస్త ఆగండి. థోకో సంగతి వదిలెయ్యండి. నవ్వులు వినబడితే పరవాలేదు. వినబడకపోతే వంగి, మా అత్తమ్మ ఇరుక్కుందేమో చూడండి. తనంతట తను పిలిచే మనిషి కాదు.