వెనక గదిలో ఉన్న నలుపు

వినోద ఎవరి ఫోటోలో నలుపు తగ్గించినా, ఆ తీసేసిన నలుపు కంప్యూటర్ వెనక నుంచి బొట్లు బొట్లుగా కారి కింద పెట్టిన పాలక్యానులో పడుతుంది. పదకొండేళ్లుగా ఇలాగే పడుతోంది. క్యాను నిండగానే మూత బిగించి, పేరు రాసి, వెనక గదిలో పెట్టడం కూడా ఆమె పనే. సత్తన్న ఫ్లెక్సీల దుకాణంలో చేరిన రోజే ఓనరు సత్తన్న ఈ సంగతి చెప్పాడు, మంచినీళ్ల కుండ ఎక్కడుందో చూపించినంత మామూలుగా.

రావులచెలక బస్టాండు ఎదురుగా ఉన్న ఆ దుకాణంలోంచి పుట్టినరోజుల వాళ్లు, పెళ్లిళ్ల వాళ్లు, పోయినవాళ్లు, నాయకులు అందరూ ఒకే రంగులో బయటికొస్తారు. టీలో ముంచిన బిస్కెట్టు రంగు. ఆ రంగు లేని మనిషిని స్తంభానికి కడితే బాగుండదని ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరు చెప్పారో మాత్రం ఎవరికీ తెలియదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా వెనక గది రెండు మూరలు పొడుగవుతుంది. ఇప్పుడు దాని అటు చివర కనబడటం లేదు. ఈ ముచ్చట దుకాణం అద్దెకిచ్చిన ఇంటాయన చెవిన వేయొద్దని సత్తన్న వినోద చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ గదిలో ఎక్కడో వినోద వాళ్ల అమ్మ నలుపు కూడా ఉంది. ఆరేళ్ల కింద అమ్మ లచ్చవ్వ చనిపోయినప్పుడు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వినోదే చేసింది. అలవాటుకొద్దీ చెయ్యి కదిలింది, అంతే. క్యాను తెచ్చే ఓపిక లేక, చేతికందిన ఊరగాయ సీసాలో పట్టింది. ఫ్లెక్సీ ఇంటి ముందు కట్టాక నాన్న దాన్ని చాలాసేపు చూసి, "ఎవలు బిడ్డా ఈమె?" అని అడిగాడు. అప్పట్నుంచి అమ్మను తలుచుకుంటే వినోదకు కూడా ఆ బిస్కెట్టు రంగు ఆవిడే వస్తోంది. అన్నం తిన్నాక ఆ సీసా కోసం వెతకని రోజు లేదు. తన చేత్తో తాను చేసిన పనికి ఎవరినని తిట్టుకుంటుంది? అదే ఆమెకు మంట.

ఇవాళ పొద్దున పది గంటలకు ఇంద్రసేన వస్తాడు. గొడుగు పార్టీ ప్రచారమంతా ఊళ్లో ఆయన చేతి మీదుగానే నడుస్తుంది. వెంట తాళ్ల బుచ్చమ్మ ఉంది, మున్సిపల్ ఎన్నికల్లో ఆ పార్టీ తరఫున నిలబడ్డ మనిషి. బుచ్చమ్మది అలాంటిలాంటి నలుపు కాదు, నిగనిగలాడే నలుపు. ఆమె నడిచొస్తుంటే ఎండే కాస్త పక్కకు జరిగి దారిస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడుగుతుంది.

ఇంద్రసేన చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. దాన్ని టేబుల్ మీద పెట్టి, ముఖం దిగాలుగా చేసుకుని మూత తీస్తాడు. నిన్న సభలో ఎదుటి పక్షం గంట పార్టీ అధ్యక్షుడు బుచ్చమ్మను అన్న మాట అందులో ముడుచుకుని పడుకుని ఉంది. పిడికెడంత ఉంటుంది. వెలుతురు తగలగానే లేచి, ఒళ్లు విరుచుకుని, మైకు గొంతుతో అంటుంది: "కరెంటు పోతే ఆమె ఏడుందో ఎవలకెరుక? నవ్వితే పండ్లను జూసి పట్టుకోవాలె!"

"విన్నవా వినోదా," అంటాడు ఇంద్రసేన. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతాయి, ముందు ఎడమ కంట్లోంచి, తర్వాత కుడి కంట్లోంచి. "గింత అవమానమా? సాయంత్రం నాలుగింటికి నిరసన సభ. నలభై అడుగుల ఫ్లెక్సీ గావాలె. 'నలుపును అవమానిస్తే ఊకోం' అని రాయి. మధ్యల అక్క ఫోటో పెట్టు."

"గీ మాట నేను ముందే విన్న అన్నా," అంటుంది వినోద. "పోయిన నెల మీ అధ్యక్షుడే అన్నడు గద, గంట పార్టీ నర్సమ్మను పట్టుకొని. ఒక్క అక్షరం తేడా లేదు."

"అది వేరే." ఇంద్రసేన సంచిలోంచి రెండో డబ్బా తీస్తాడు. ఈ మూత మీద చిన్న పూలదండ ఉంది. దండ పక్కన పెట్టి మూత తీస్తే, అందులోంచి కూడా పిడికెడంత మాటే లేస్తుంది, అలాగే ఒళ్లు విరుచుకుంటుంది, అదే మైకు గొంతుతో అదే అంటుంది. ఇంద్రసేన పొట్ట పట్టుకుని నవ్వుతాడు. "ఇది మనది. చమత్కారం."

"ఎట్ల తెలుస్తది?"

"మనదైతే నవ్వొస్తది. వాళ్లదైతే ఏడుపొస్తది. మనసుకు ఎరుకైతది."

ఇంతలో రెండు మాటలూ డబ్బాలు దిగి, టేబుల్ మీద ఎదురెదురుగా నడిచి, జాతరలో తప్పిపోయి దొరికిన కవల పిల్లల్లా కావలించుకుంటాయి. మౌస్ చుట్టూ నాలుగు చుట్లు తిరిగి, ఎవరి డబ్బా ఏదో చూసుకోకుండానే పోయి పడుకుంటాయి. ఇంద్రసేన ఒకదాని మూత తీస్తాడు. సగం నవ్వి ఆగిపోతాడు. రెండోదాని మూత తీస్తాడు. కన్నీళ్లు చెంపల దాకా వచ్చి, ఏం తోచక మళ్లీ పైకి ఎక్కుతాయి.

"వినోదా, నువ్వు చూసినవు గద. ఏది మనది?"

"నేను స్క్రీన్ దిక్కు చూస్తున్న అన్నా."

బుచ్చమ్మ గ్లాసు కింద పెడుతుంది. "ఇంద్రసేనా, రెండు డబ్బాలు నా ముంగటనే తీసినవు. రెండూ నాకు ఒక్క చోటనే తగిలినయ్. గా నర్సమ్మ, నేను ఇరవై ఏండ్లు ఒక్క మేస్త్రి కింద ఇటుకలు మోసినం. ఆమెనంటే నవ్వినవు నువ్వు."

"రాజకీయమక్కా."

"నేను గూడ నవ్విన. ఆ దినం స్టేజీ మీదనే ఉన్న. గా నవ్వు ఇప్పటిదాక గొంతుల్నే ఉన్నది, మింగుదామంటే దిగదు." ఆమె గట్టిగా దగ్గుతుంది. నెల కిందటి నవ్వు గొంతులోంచి ఊడి గ్లాసులో పడి ఠంగుమంటుంది. చొక్కా గుండీ అంత ఉంది. బుచ్చమ్మ దాన్ని తుడిచి కొంగున ముడివేసుకుంటుంది. సిగ్గుతో ఆమె కళ్లు కిందికి వాలిపోతాయి.

ఇంద్రసేనకు ఇవేవీ పట్టవు. "ముందుగాల ఫ్లెక్సీ పని చూడు వినోదా. అక్క ఫోటో జెర తెల్లగ చెయ్యి. ఉన్నదున్నట్టు పెడితే మల్ల వాళ్లకు ఇంకో మాట అన సందిచ్చినట్టైతది."

"నలుపును అవమానిస్తే ఊకోం అని పైన రాసి, కింద నలుపు తీసెయ్యాల్నా?"

"అక్షరాలు నల్లగనే ఉంచు," అంటాడు ఇంద్రసేన ఉదారంగా.

వినోద మౌస్ పట్టుకుంటుంది. పదకొండేళ్ల అలవాటు చేతిది, ఆమెను అడగదు. మొదటి బొట్టు ఖాళీ క్యానులో బరువుగా పడుతుంది. స్క్రీన్ మీద బుచ్చమ్మ నుదురు బిస్కెట్టు రంగుకు తిరుగుతుంది. కుర్చీలో కూర్చున్న బుచ్చమ్మ నుదురూ తిరుగుతుంది. రెండో బొట్టుకు చెంపలు, మూడో బొట్టుకు గదుమ. నొప్పేమీ లేదు. బుచ్చమ్మ ముఖం తడుముకుని, టిఫిన్ డబ్బా మూత అందుకుని అందులో చూసుకుంటుంది.

"ఎవలు బిడ్డా ఈమె?" అని అడుగుతుంది.

వినోద చెయ్యి మౌస్ మీంచి లేస్తుంది. తేలు మీద పెట్టినట్టు లేస్తుంది. "చెయ్య," అంటుంది.

"ఏంది?"

"చెయ్య అంటున్న. మా అమ్మకు చేసిన. ఇగ ఎవ్వలకు చెయ్య."

"గీ సగం సగం మొఖంతోని అక్కను స్టేజీ ఎక్కనియ్యం మరి," అంటాడు ఇంద్రసేన.

గల్లా దగ్గర్నుంచి సత్తన్న తలెత్తుతాడు. "నీ పని పోతది వినోదా."

"పోనీ సత్తన్నా. ఏడికి పోతది? నేను పారేసినయన్నీ వెనక గదిలకే గద పోయినయ్. నేను గూడ అటే పోత." క్యాను చంకన పెట్టుకుని, బుచ్చమ్మ చెయ్యి పట్టుకుని ఆమె వెనక గదిలోకి నడుస్తుంది. భయం వేయాల్సిన చోట ఆమెకు కోపం వస్తుంది, చాలా హాయిగా ఉంటుంది.

గది గడప దాటగానే వినోద చంకలోని క్యాను మూత తీసి, తలకు నూనె పెట్టినట్టు అరచేత్తో బుచ్చమ్మ నుదుటికి, చెంపలకు, గదుమకు నలుపు అద్దుతుంది. చర్మం దాన్ని గటగటా తాగేస్తుంది. అక్కడి నుంచి గంట సేపు నడుస్తారు. రెండు పక్కలా క్యాన్లు. పెళ్లికూతుళ్లవి, సర్పంచులవి, బడి టాపర్లవి. ఇంద్రసేనవి ఆరు. గొడుగు పార్టీ అధ్యక్షుడివి పదమూడు, గంట పార్టీ అధ్యక్షుడివి పన్నెండున్నర. బుచ్చమ్మ ఆ పేర్లు కూడబలుక్కుని చదివి, గోడలు అదిరేట్టు నవ్వుతుంది. ఈ నవ్వు గొంతులో అడ్డం పడదు.

గది చివర కిటికీ ఉంది. కిటికీలో ఊరగాయ సీసా ఉంది. వినోద దాన్ని ముట్టుకుంటుంది. వెచ్చగా ఉంది. మూత తీయకుండానే కట్టెల పొయ్యి పొగ, వేపసబ్బు వాసన వస్తాయి. ఆమె సీసాను గుండెకు ఆనించుకుని బిగ్గరగా ఏడుస్తుంది. ఆరేళ్ల ఏడుపు. బుచ్చమ్మ వద్దనదు, వెన్ను నిమురుతూ నిలబడుతుంది.

తర్వాత ఇద్దరూ క్యాన్లు మోయడం మొదలుపెడతారు. ఇటుకలు మోసిన మనిషి కాబట్టి బుచ్చమ్మ ఒక్కసారికి నాలుగు తెస్తుంది. వినోద ప్రింటింగ్ మిషనుకు నల్ల ఇంకు పోసే చోట అన్నీ ఒంపేస్తుంది, చివర్న సీసా కూడా. మిషను ఎవరూ చెప్పకుండానే తిరుగుతుంది. ఫ్లెక్సీ గుమ్మం దాటి, బస్టాండు దాటి, బజారు వెంట పోతూనే ఉంటుంది. బస్సులు ఆగుతాయి. ఒక కండక్టరు దాన్ని చీర అంచులా ఎత్తి పట్టుకుని ప్రయాణికులను కింద నుంచి దిగనిస్తాడు. దాని మీద ఒక్క అక్షరం లేదు. ముఖాలే, ఎవరి రంగులో వాళ్లు.

ఇంద్రసేన డబ్బాలు రెండూ చంకలో పెట్టుకుని పక్కనే పరుగెత్తుతాడు. "వినోదా, గంట పార్టీ వాళ్ల మొఖాలు గూడ ఉన్నయేందే? మేం మా వాళ్లకే ఆర్డరిచ్చినం!"

"తీసింది అందరిది గద అన్నా. ఇచ్చేటప్పుడు అందరికి ఇస్తున్న."

నాలుగింటికి మైదానంలో రెండు పార్టీల వేదికలూ వీపులు ఆనించుకుని ఉన్నాయి. ఫ్లెక్సీ చివరి భాగం తనంతట తాను రెండు స్తంభాలెక్కి కట్టుకుంటుంది. దాని మీద ముప్పై అడుగుల ఎత్తున లచ్చవ్వ ముఖం. నలుపు. వినోద మరిచిపోయిన నలుపు, ఇదిగో ఇదే. జనంలో తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడ్డ నాన్న ఈసారి ఎవరని అడగడు.

"లచ్చవ్వా, ఎండల నిలబడ్డవేందే?" అంటాడు.

ముఖం ఆయన వైపు తిరుగుతుంది. కనుపాప నేల దాకా తలుపులా తెరుచుకుంటుంది. లోపలంతా చల్లని నలుపు.

అటు వేదిక మీంచి నర్సమ్మ దిగి వస్తుంది. బుచ్చమ్మ కొంగు ముడి విప్పి, గుండీ అంత నవ్వును ఆమె చేతిలో పెడుతుంది. "నీ మీద నవ్విన నవ్వు ఇది. తప్పయింది నర్సమ్మా. పారేస్తవో, దాచుకుంటవో నీ ఇష్టం." నర్సమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, మైదానం అవతలికి విసిరికొడుతుంది. ఇద్దరూ మైకు చెరో చెయ్యి వేసి పట్టుకుని, గుమ్మం ముందు చెప్పులు విడిచి, కనుపాపలోకి వెళ్తారు. వెనక నాన్న, ఆయన వెనక వినోద, ఆ వెనక జనం. అందరూ చెప్పులు విడుస్తారు. పదమూడు క్యాన్ల అధ్యక్షుడు, పన్నెండున్నర క్యాన్ల అధ్యక్షుడు నల్లటి తమ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుని, చివరికి వరుసలో నిలబడతారు.

"అక్కా, నన్నేం జెయ్యమంటవ్?" అని ఇంద్రసేన కేక వేస్తాడు.

"చెప్పులు జూస్కో," అని బుచ్చమ్మ గొంతు మైకులో వినబడుతుంది.

ఆయన కాపలా కూర్చుంటాడు. కాసేపటికి చెప్పులు జతలు జతలుగా లేచి, దుమ్ము దులుపుకుని, తమ వాళ్ల వెంట లోపలికి నడిచిపోతాయి. ఆయన కాళ్లవి కూడా ఊడి వాటితోనే పోతాయి. కన్ను మెల్లగా రెప్ప వేస్తుంది. మైదానంలో ఇంద్రసేన ఒక్కడే, కాలుతున్న మట్టి మీద ఒట్టికాళ్లతో, రెండు డబ్బాలతో. మూతలు రెండూ వాటంతట అవే లేస్తాయి. రెండు మాటలూ అంచుల మీద గడ్డం ఆనించి, చుట్టూ ఎవరూ లేకపోవడం చూసి, ఆయన వైపు తిరుగుతాయి.

"ఇగ ఎవలను అనాలె?" అని ఒక్క గొంతుతో అడుగుతాయి.