వెనక గది గడియ

బుధవారం మధ్యాహ్నం నుంచి పాస్టర్ రవికుమార్‌కు అన్నం సయించడం లేదు. ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటుంటే ఆయనకేమో ఎటైనా పారిపోవాలని ఉంది. పొగడ్త కూడా మనిషిని ఇంత కాల్చుకు తింటుందని అంతకు ముందు ఆయనకు తెలియదు, పాపం.

జరిగిందేమిటో ముందు చెప్పుకోవాలి. సారపాకకు అవతల అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో ప్రార్థన మందిరం చిన్నది. ముందు ఒక హాలు, వెనక చాపలూ మైకూ దాచుకునే ఒక గది. బయట వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కే గంట. దాన్ని ఇనుప కడ్డీతో మోగించే పని నాగక్కది. యాభై దాటిన కోయ మనిషి, మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఆమె గంట కొట్టిందంటే వాగవతలి వాళ్లు కూడా పొయ్యి ఆర్పేసి బయలుదేరతారు.

బుధవారం ఉపవాస ప్రార్థన ముగిసి అందరూ వెళ్లిపోయాక ముగ్గురు మిగిలారు. రవికుమార్, నాగక్క, దుర్గ. దుర్గ మొన్న వేసవిలోనే గోదావరిలో బాప్తిస్మం తీసుకున్న పిల్ల. ఆమె మొగుడు గణేష్ జామాయిల్ కర్ర లారీలకు లోడింగ్ పనికి పోతాడు. తాగని రోజు మంచివాడే. ఆ తాగని రోజు ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. మందిరం గడప తొక్కితే నరుకుతానని పొద్దున పెళ్లాంతో అన్నాడట. అన్నవాడు ఊరుకోకుండా గొడ్డలి పట్టుకుని వచ్చేశాడు.

కిటికీలోంచి అతన్ని మొదట చూసింది రవికుమారే. గొడ్డలి చూశాడు, ఆ ఎర్రటి కళ్లు చూశాడు. చూసి, ఒక్కమాటైనా అనకుండా వెనక గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు. దుర్గ ఆయన వెనకే పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో తలుపు బాదింది.

"అయ్యగారూ, తలుపు తియ్యండి! వచ్చిండు, అయ్యగారూ!"

ఆయన తీయలేదు. తీయకపోతే పోయె, ఆ బాదుడుకు గడియ ఎక్కడ ఊడుతుందోనని దాన్ని బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. ఛీ, అదీ ఒక బతుకేనా! ప్రార్థన చేద్దామన్నా ఒక్క ముక్క నోట్లోకి రాలేదు. హాల్లో ఇనుము ఎముకకు తగిలిన చప్పుడు, వెంటనే గణేష్ కేక. నాగక్క గంట కడ్డీతో అతని మోచేతి మీద ఒక్కటే వేసింది. గొడ్డలి కిందపడింది, చెయ్యి విరిగింది.

జనం పరుగెత్తుకొచ్చేసరికి రవికుమార్ గది తలుపు తీసుకుని బయటికి వస్తున్నాడు. మొహమంతా కన్నీళ్లు, చెమట. "అయ్యగారు లోపల మోకాళ్ల మీదున్నరు. ఆ ప్రార్థనే పిల్లను కాచింది" అన్నారెవరో. ఆయన అవుననలేదు. కాదనీ అనలేదు. అంతే, అబద్ధం దానంతటదే ఊరంతా తిరిగింది. గణేష్‌ను భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లి కట్టు కట్టించారు. గొడ్డలి పట్టుకుని పోయింది తమవాడే గనుక కేసు వద్దని గణేష్ ఇంటివాళ్లూ అనుకున్నారు.

శనివారం సాయంత్రం సంఘ పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో పెద్ద జగదీష్. కాగితం మిల్లులో చేసి రిటైరైన మనిషి, వాక్యం బాగా తెలిసినవాడు, మనసులో కల్మషం లేనివాడు. ఆయనకు నాగక్క మీద కోపం లేదు, బాధ ఉంది.

"ఏంది నాగక్కా, గిట్ల చేసినవ్? ప్రభువును పట్టుకపోతుంటే శిష్యుడు కత్తి దూసిండు. దాన్ని లోపల పెట్టుమన్నడా లేదా ప్రభువు?"

"అన్నడు. తనను పట్టుకపోతుంటే అన్నడు" అంది నాగక్క. "పక్కన ఆడపిల్లను నరుకుతుంటే చూసుకుంట ఉండుమన్నడా?"

"ఒక చెంప మీద కొడితే ఇంకో చెంప..."

"నన్ను కొడితే చూపెడ్త. నా చెంప నాది. దుర్గ చెంప నాదా, నేను చూపెట్టెటందుకు?"

పెద్దలు రవికుమార్ వంక చూశారు. ఆయన తల దించుకుని చాప అంచు పీకుతున్నాడు. పదకొండేళ్లుగా ఆయన చెప్పిన బోధ అదే మరి. ఒకప్పుడు అన్నలు తుపాకులతో వచ్చేవాళ్లు, వాళ్ల వెనకే పోలీసులు తుపాకులతో వచ్చేవాళ్లు. ఆ నడుమ నలిగిన ఊరికి, ఏ వైపూ చెయ్యెత్తకండి, చెయ్యెత్తినవాడు మనవాడు కాడు అని ఆయన చెప్తూ వచ్చాడు. ఆ మాట విని బతికి బట్టకట్టిన కుర్రాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. అది అబద్ధపు బోధ కాదు. ఆయన దాన్ని నమ్మాడు, గొడ్డలి తన వైపు రానంత కాలం.

"కొట్టే ముందు అయ్యగారిని పిలవకపోయినవా?" అని అడిగాడు జగదీష్.

రవికుమార్ చాప అంచు పీకడం ఆపాడు. నాగక్క ఆయన వైపు చూడనే లేదు. వెనక గది తలుపు వైపు చూసింది.

"అయ్యగారు లోపలున్నరు" అంది.

రవికుమార్ అప్పుడైనా నోరు తెరవచ్చు కదా! తెరవలేదు. మందిరంలో మనిషి చెయ్యి విరగ్గొట్టినందుకు నాగక్కను మూడు నెలలు ప్రభు బల్ల రొట్టెకు దూరం పెట్టాలని, గంట కడ్డీ అయ్యగారి ఇంట్లో ఉంచాలని తీర్మానం రాశారు. ఆయన సంతకం పెట్టాడు. అక్షరాలు ఎప్పటిలాగే పొందిగ్గా వచ్చాయి, అదే ఆయనకు ఇప్పటికీ రోత.

ఇరవై ఏళ్లలో ఒక్క బల్ల ఆదివారం కూడా తప్పని మనిషి నాగక్క. తెల్లారి అందరికంటే ముందే వచ్చి చివరి చాప మీద కూర్చుంది. గంట మోగలేదు, జనం ఆలస్యంగా వచ్చారు. రవికుమార్ తీర్మానం చదివాడు. తన పేరు వినపడ్డప్పుడు ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుంది. తర్వాత ఆయన రొట్టె ముక్కల పళ్లెం తీసుకుని వరస వెంట నడిచాడు. చాచిన ఒక్కో అరచేతిలో ఒక్కో ముక్క పెట్టుకుంటూ దుర్గ దగ్గరికి వచ్చాడు.

దుర్గ చెయ్యి చాచింది. అరచెయ్యంతా కమిలి నల్లబడి ఉంది. బొటనవేలి మొదట్లో చర్మం లేచిపోయి, దాని కింద చిన్న చెక్కపేడు ఇంకా అలాగే ఉంది. ఆ పేడు ఏ తలుపుదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రొట్టె ముక్క ఆయన చేతిలోనే ఉండిపోయింది. ముందు వరసల వాళ్లు తలలు తిప్పి చూశారు.

"నేను ప్రార్థన చెయ్యలేదు" అన్నాడు రవికుమార్. "బుధవారం నాడు. భయపడి గదిలో దాక్కున్న. ఈ బిడ్డ తలుపు కొడుతుంటే గడియ పెట్టి పట్టుకున్న. తియ్యలే. ఆమె చస్తే చావనీ, నన్ను మాత్రం కొట్టొద్దనుకున్న."

దుర్గ ఒక్కసారిగా ఏడ్చేసింది. "నేనెవ్వరికీ చెప్పలే అయ్యగారూ! చెప్పొద్దని నాగక్క ఒట్టేపిచ్చుకున్నది. మీ పరువు పోతే సంఘం చెదిరిపోతదన్నది!"

ఆ మాటతో ఆయన పని అయిపోయింది. తను నాగక్క పేరు చదివి ఆమెను చివరి చాపకు పంపితే, ఆమె తన పేరును కొంగున దాచుకుని మోసింది. చెంప చూపడమంటే ఏమిటో పదకొండేళ్లు మైకులో అరిచినవాడికి, అది చేసి చూపించింది కడ్డీ పట్టిన మనిషి. ఎవరి మొహమూ చూడలేక పళ్లెం వైపు చూస్తూ నిలబడ్డాడు.

జగదీష్ లేచి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "పోనియ్యండి అయ్యగారూ. మనుషులం కాదా? గొడ్డలి చూస్తే ఎవరికి భయం కాదు? ఒప్పుకున్నరు, అదే చాలు. ప్రభువు క్షమిస్తడు." పెద్దలంతా తలలూపారు. వెనక నుంచి ఎవరో స్తోత్రం కూడా చెప్పారు. ఆయన క్షమాపణ అంత జల్దీ అయిపోయింది.

"మరి నాగక్క?" అన్నాడు రవికుమార్.

"ఆమెది వేరు గదా అయ్యగారూ" అన్నాడు జగదీష్ ఇబ్బందిగా. "మీరు భయపడ్డరు. ఆమె కొట్టింది. చెయ్యెత్తినోడు మనోడు కాడని చెప్పింది మీరే."

బతిమాలాడు, వాదించాడు, తీర్మానం మీద నా సంతకం కొట్టేయండి అన్నాడు. నెలాఖరు మీటింగులో చూద్దాం లెండి అన్నారు. ఎవరికీ చెడ్డబుద్ధి లేదు. ఆయన నేర్పిన పాఠాన్నే ఆయనకు అప్పజెప్తున్నారు. కొట్టడం తప్పని ఆయన ఆ నిమిషంలో కూడా నమ్ముతూనే ఉన్నాడు, కానీ గడియ వెనక నిలబడి ఆ మాట చెప్పే మొహం ఆయనకు లేదు. మిగిలినవాళ్లకు రొట్టె పంచి, తన ముక్క తినకుండా పళ్లెంలోనే వదిలేశాడు.

దుర్గ తప్ప జనమంతా వెళ్లిపోయాక రవికుమార్ చివరి చాప దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాడు. నాగక్క కొంచెం జరిగి చోటిచ్చింది.

"అక్కా, నన్ను తిట్టు" అన్నాడు.

"తిట్టి ఏం జేసుకోను?" అంది నాగక్క. వెనక గది వైపు చూసి, "కడ్డీ మీ ఇంట్లనే ఉన్నది గదా. పోయి తెండి" అంది.

"గంట కొడతావా?"

"గంటకు కాదు. ఆ తలుపు గడియ పీకెయ్యండి." ఆమె గొంతులో కోపం లేదు, ఇంట్లో పిల్లాడికి చెప్తున్నట్టే ఉంది. "మీరు చెడ్డోళ్లు కాదు అయ్యగారూ. కానీ గణేష్ చెయ్యి రెండు నెలలకు అతుక్కుంటది. మళ్ల వస్తడు. మీకు మళ్ల భయమైతది."

కాదు, ఈసారి అలా జరగదు అని చెప్పబోయాడు రవికుమార్. లేచి ఇంటికి వెళ్లి కడ్డీ తెచ్చాడు. దుర్గ దెబ్బ తగిలిన చేతులతోనే తలుపు కదలకుండా పట్టుకుంది. ఆయన కడ్డీ కొన గడియ కింద దూర్చి, మేకులు ఒక్కొక్కటే ఊడేదాకా పెకలించాడు.