శనివారం తారు పొగ

అమెరికాలో హోబోకెన్ రేవులో మెట్టే లూర్స్ నడిపే బస ఇంట్లో ప్రతి శనివారం నల్లులకు తారు పొగ వేయడం పనిమనిషి గెసీనా వంతు. గొలుసును పొయ్యిలో వేడిచేసి, పటకారుతో పట్టుకుని తారు బకెట్‌లో ముంచితే గుప్పున పొగ లేస్తుంది. ఓడలవాళ్ళ పద్ధతే. అయిదేళ్ళ కిందట గెసీనా ఈ దేశానికి బయల్దేరిన ఓడలో కూడా, బీదవాళ్ళుండే అడుగు అంతస్తులో ఇలాగే పొగ వేశారు. ఆ ఓడ నడిసముద్రంలో తగలబడి నాలుగు వందల మంది పోయారు.

ఆమె మొగుడు క్లాస్ రోవర్ నిచ్చెన దగ్గర నిలబడి ఆ అంతస్తులోని పిల్లల్ని ఒక్కొక్కరినే పైకి అందించాడు. చివరికి పెళ్ళాన్ని పైకి తోసి తాను కిందే ఉండిపోయాడు. మొదటి పడవలోనే దూకి బతికిన ఓడ అధికారి హోల్‌స్ట్ మాత్రం విచారణలో, క్లాస్ రోవర్ పొగతాగే పైపు వల్లే నిప్పంటుకుందని చెప్పాడు. చచ్చినవాడు లేచి వచ్చి కాదనడు కదా! క్లాస్ జన్మలో పైపు ముట్టలేదు. కానీ పెళ్ళాం మాట ఎవరు నమ్ముతారు?

పుట్టిన దేశం హోల్‌స్టైన్‌లో వాళ్ళ ఊరి చర్చిలో, సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కే పలక ఉంది. క్లాస్ పేరు దానిమీద చెక్కలేదు. నాలుగు వందల మందిని చంపినవాడికి పలకేమిటన్నారు. అతని తల్లి ఇప్పటికీ చర్చిలో చివరి బెంచీమీద తల వంచుకుని కూర్చుంటుంది.

ఆ హోల్‌స్ట్ నిన్న ఈ ఇంట్లోనే దిగాడు. గెసీనాను గుర్తుపట్టలేదు. బఠాణీ సూప్ జుర్రుకుంటూ అందరికీ ఆ పైపు కథే వినిపించాడు. ఆమె గిన్నెలు తీస్తూ అంతా విన్నది.

ఈ ఉదయం గొలుసును కావాలనే ఎర్రబారనిచ్చింది. ఎడమచేత బకెట్, కుడిచేత పటకారుతో గొలుసు పట్టుకుని హోల్‌స్ట్ గదికి వెళ్ళి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దొరగారూ, పొగ వేయాలి."

అతడు అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు. "వేసుకో, వేసుకో," అంటూ ఇటు తిరిగి గొలుసును చూశాడు. "ఏయ్, ఆగు! ఒళ్ళు తెలిసే చేస్తున్నావా? ఎర్రగా ఉంటే ముంచకూడదే! భగ్గుమంటుంది!"

"అలాగా? మీకెలా తెలుసు?"

"ఓడెక్కిన ప్రతి వెధవకీ తెలుసు!"

"మరి ఆ రోజు మా అంతస్తులో ఎర్రటి గొలుసు ఎవరు ముంచమన్నారు?"

"నేను ముంచలేదు! కళాసీ ముంచాడు. చల్లారేదాకా ఆగకుండా భోజనం వేళకి కానిచ్చెయ్యమన్నానంతే..." నోరు జారిందని తెలిసి ఆగిపోయాడు.

వెనక వసారాలో దుప్పట్లు మోసుకొస్తున్న మెట్టే అక్కడే నిలబడిపోయింది. "ఓరి దేవుడా! నిన్న పైపన్నావు కదయ్యా!"

హోల్‌స్ట్ ముఖంమీద సబ్బు నురగ అలాగే ఉంది. "ఎవరు నువ్వు?"

"క్లాస్ రోవర్ పెళ్ళాన్ని." గెసీనా గొలుసును తారుకు జానెడు దూరంలోకి దించింది. "బల్లమీద కాగితముంది. మా ఊరి పాస్టరుకు జరిగింది జరిగినట్టు రాయి. చల్లారేదాకా సాగదీద్దామనుకోకు. ఆలోపే ముంచేస్తా."

"నువ్వూ కాలిపోతావే, పిచ్చిదానా!"

"నాకది కొత్తా ఏంటి? రాయి."

అతడు రాశాడు. వంచిన తల ఎత్తకుండా రాశాడు. గొలుసు ఎప్పుడో నల్లబడింది, చూస్తేగా! గెసీనాకు చదువు రాదు. మెట్టే చదివి వినిపించి, సాక్షిగా తన పేరు కూడా రాసింది.

"నా ఉద్యోగం పోతుంది," అన్నాడు హోల్‌స్ట్. "ముగ్గురు పిల్లలున్నారమ్మా."

ఇలాంటి మాట వింటే తనకు జాలి కలుగుతుందేమోనని గెసీనా అయిదేళ్ళుగా భయపడింది. కలగలేదు. ప్రాణం హాయిగా అనిపించింది.

"పోనీ, నువ్వు నన్ను క్షమించావని చివర ఒక్క ముక్క రాయనా? పాస్టరుగారు సంతోషిస్తారు."

"రాయి," అంది గెసీనా. "క్షమించలేదని రాయి. నీ చేత్తోనే."

అతడు అదీ రాశాడు. గెసీనా ఆ ముక్కను మెట్టేచేత రెండుసార్లు చదివించుకుంది.