తెల్లకారు మీద పచ్చ తుంపర

మైసమ్మ పాలిథిన్ కవరును చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాసింది. ఉత్త చేతికి అందని గరుకు, కవరు లోంచి ఇసుకలా తగిలింది. పొద్దున ఎనిమిదింటి నుంచి రుద్దుతున్నా ఇంకా ఉన్నాయి, తెల్లకారు నిండా ఆవగింజలో సగం కూడా లేని పచ్చ రంగు చుక్కలు.

మొయినాబాద్ రోడ్డు మీద రంజిత్ నడిపే కార్ల రిపేరు షెడ్డు అది. హైటెక్ సిటీలో ఉద్యోగాలు పెరిగి, ఈ రోడ్డున కొత్త కార్లు తిరగడం మొదలైన ఏడాది తెరిచాడు. అప్పటి నుంచీ మైసమ్మ ఆలూరు నుంచి బస్సెక్కి వచ్చి కార్లు కడుగుతోంది.

నిన్న రంజిత్ తన మామ ఫామ్‌హౌస్ గేటుకు షెడ్డు ముందే స్ప్రే గన్నుతో పచ్చ రంగు కొట్టాడు. గాలి కారు వైపే వీస్తోంది.

"జర ఆగు సేటు, పట్టా కప్పుత," అంది మైసమ్మ.

"ఏంగాదు తీయ్," అన్నాడు. ఆమె ఆ టార్పాలిన్ పట్టా తెచ్చేలోపే తుంపరంతా కారు మీద వాలింది.

సొట్ట తీయించడానికి ఆ కారు ఇచ్చినవాడు అరుణ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. కొని నెల కూడా కాలేదు. నాలుగింటికి వస్తానని ఫోన్ చేసినప్పుడు, కారు మీద రంగు పడిందని మాత్రం రంజిత్ చెప్పాడు.

సబ్బునీళ్లు చల్లి, చపాతీ పిండిలా మెత్తగా ఉండే క్లే ముద్దతో తలుపు మీద రుద్దింది. రంగు ముద్దకు అంటింది. ముద్దను మడిచి మళ్లీ రుద్దింది. గట్టిగా అదిమితే గీతలు పడతాయి, మెల్లగా చేస్తే పని తెమలదు. భుజం సలుపుతోంది. సబ్బుకు జారి ముద్ద కింద పడింది. ఇసుక అంటిన భాగాన్ని గిల్లి పారేసేసరికి నిమ్మకాయంత మిగిలింది. పళ్లు కొరుక్కుంది.

"ఇంకెంతసేపు? థిన్నర్ కొట్టు, పది నిమిషాల్ల పోతది," అన్నాడు రంజిత్.

"మొన్న ఇంకో బండికి కొట్టినవ్ కద. మెరుపంత పాయె. ఇది గూడ గట్లనే చెయ్యమంటవా?"

అతను ఫోన్ చూసుకుంటూ లోపలికి పోయాడు.

ఆమె చేతులు నీళ్లలో నానని రోజు లేదు. పెళ్లయి ఆలూరు వచ్చిన మొదటి వారమే అత్తగారు క్యారట్లు కడిగే తొట్టి దగ్గర నిలబెట్టింది. చలికాలం తెల్లవారుజామున ఆ నీళ్లు ఎముకలు కొరికేవి. పన్నెండేళ్లు అలా గడిచాక పొలం ప్లాట్లయింది. ఆ తర్వాత ఇంజినీరింగ్ కాలేజీ మెస్సులో గిన్నెలు. భర్త అంజిలయ్య జ్వరంతో దవాఖానలో పోయిన రోజు కూడా పొద్దున గిన్నెలు తోమాకే అక్కడికి వెళ్లింది. మూడుచోట్లా ఎవరూ ఆమె పనికి వంక పెట్టలేదు. మెచ్చుకున్నవాళ్లూ లేరు. ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. ఇవాళ ఎందుకో అదే గుర్తొచ్చి ఒళ్లు మండుతోంది.

అన్నం తినలేదు. మూడున్నరకు పైకప్పు, నాలుగింటికి డిక్కీ పూర్తయ్యాయి.

అరుణ్ వచ్చి కారు చుట్టూ తిరిగాడు. అరచేత్తో తడిమి, "అసలు తెలియట్లేదు. బాగా చేశారు రంజిత్ గారూ. ఇంతకీ ఎట్లయింది?" అన్నాడు.

"మా మనిషే సార్. కప్పమంటే కప్పలే. సదువు లేనోళ్లతోని గిట్లనే ఉంటది."

"చూసుకోవాలి కదమ్మా," అన్నాడు అరుణ్ ఆమె వైపు తిరిగి. కోపంగా కాదు, పిల్లలకు చెప్పినట్టు.

"గన్ను నేను పట్టలె సార్. కప్పుత ఆగుమన్న. ఆగలె," అంది మైసమ్మ.

రంజిత్ గట్టిగా నవ్వాడు. అరుణ్ కారు తాళం చెవి కోసం చెయ్యి చాపాడు.

అప్పుడు కనిపించింది, అద్దం కింద ఇంకొక చుక్క. వదిలేద్దామనుకుంది. వదల్లేక వంగి, సబ్బునీళ్లు చల్లి, మిగిలిన క్లే ముక్కతో దాన్నీ తీసేసింది. కారు హైదరాబాద్ వైపు వెళ్లిపోయింది.

"రేపు జల్ది రా, రెండు బండ్లున్నయి," అన్నాడు రంజిత్. ఆమె కుళాయి దగ్గర ఏదో ఉతుకుతోంది. ఐదున్నరకు ఊరికి పోవడానికి చేవెళ్ల బస్సు ఎక్కింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రంజిత్ ఫోన్ చేస్తే, "వేరే మనిషిని చూస్కో సేటు," అని పెట్టేసింది.

షెడ్డు గోడకు కొట్టిన మేకుకు, ఆమె పనిలో చీర మీద తొడుక్కునే మగవాళ్ల చొక్కా వేలాడుతూ ఉంది. శుభ్రంగా ఉతికి, పై గుండీ పెట్టి, చేతులు రెండూ లోపలికి మడిచి ఉంది.