అవ్వ అన్న మాట

మధ్యాహ్నం మూడు దాటితే హాస్టల్ మెస్సు చల్లబడుతుంది.

పొయ్యిలు ఆరిపోతాయి. కడిగిన బండల మీద నీళ్ళు ఇంకా జాలువారుతుంటాయి. పెద్ద గిన్నెల మీంచి ఆవిరి సన్నగా లేచి, లేచి... కనబడకుండా పోతుంది.

ఆ వేళలోనే వచ్చింది స్నిగ్ధ.

ఉప్పలమ్మ వేళ్ళకు ఇంకా గోధుమపిండి అంటుకునే ఉంది. పదకొండేళ్ళుగా ఆ మెస్సులో చపాతీలు ఒత్తుతోంది. ఈ పిల్లను ఎరుగును. యూనివర్సిటీలో రీసెర్చ్ చేసే పిల్ల. తార్నాకలో ఇల్లున్నా మధ్యాహ్నాలు ఇక్కడే తింటుంది. ఎప్పుడూ రెండే చపాతీలు.

ఈరోజు చేతిలో ప్లేటు లేదు. జిరాక్స్ కాగితాలున్నాయి.

"ఇది మీరు రాసిందేనా అమ్మా?"

కాగితం మీద తన పేరు. అచ్చులో. పేరు కింద — మాణికేశ్వర్ నగర్.

ఉప్పలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. అయినా కాగితాన్ని ముట్టుకోలేదు.

ముప్పై ఏళ్ళు దాటింది.

అప్పుడామెకు ఇరవై అయిదు. నల్లగొండ దిక్కు పల్లె నుంచి పెళ్ళయి, మాణికేశ్వర్ నగర్‌లో రేకుల గదికి వచ్చి అప్పటికే అయిదారేళ్ళు. సాయంత్రాలు వాసంతి టీచరు గల్లీలోని ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పేది. అక్షరాలు కుదిరాక, మీకు బాగా యాదికున్నది ఒకటి రాయండి అన్నది. ఒకరు ఊరి పేరు రాశారు. ఒకరు పిల్లల పేర్లు రాశారు.

ఉప్పలమ్మ పద్నాలుగు పేజీలు రాసింది.

వాళ్ళ అవ్వ గురించి. కన్నతల్లిని వాళ్ళింట్లో అవ్వ అనే పిలుస్తారు. ఆ అవ్వ పోయి అప్పటికి ఏడాది.

టీచరు ఆ నోట్‌బుక్కును ఉన్నదున్నట్టు ఒక పత్రికకు పంపింది. కథ అచ్చయింది. నోట్‌బుక్కు తిరిగి రాలేదు. అచ్చయినదాన్ని ఉప్పలమ్మ ఒక్కసారే చదివింది.

ఆ తరువాత ఏమీ రాయలేదు.

ఎందుకని అడిగింది స్నిగ్ధ. ఉప్పలమ్మ పీట కడగడానికి లేచింది.

ఒకే ఒక్క కథ రాసి ఆగిపోయిన ఆడవాళ్ళను వెతుకుతోందట ఆ పిల్ల. పాత పత్రికల్లో పదిహేడు మంది తేలారట. ఉప్పలమ్మ కోసం వారం రోజులు గల్లీ గల్లీ తిరిగితే, చివరికి ముసలి వాసంతి టీచరు చెప్పిందట, మీ యూనివర్సిటీ మెస్సులో చపాతీలు చేసేది ఆమే కదా అని. తార్నాకలో ప్రతి శనివారం కొందరు కూడి కథలు చదువుకుంటారు. ఈ శనివారం మీ కథ చదువుతాం. పదిహేడు కథలూ పుస్తకంగా వేస్తాం. రండి.

రానని చెప్దామనుకుంది.

వస్తానంది.

తార్నాకలో వెంకటసుబ్బారావు గారిల్లు. డాబా మీద గది. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు, గుంటూరు వైపు మనిషి. ఉప్పలమ్మ రాగానే లేచి తన కుర్చీ చూపించాడు. ఆమె గడప దగ్గర చాప మీద కూర్చుంది. ఇరవై మంది ఉన్నారు. కుర్రవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు, జుట్టు నెరిసినవాళ్ళు. అందరి చేతుల్లో ఆమె పేరున్న కాగితాలు.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. మంచి గొంతు.

మిరప కళ్లం. తల్లి. పక్కన నాలుగేళ్ళ పిల్ల. మబ్బు కమ్ముకొచ్చి, సన్నటి వాన మొదలైంది. తడిస్తే కాయ నల్లబడుతుంది, ఆసామి ఊరుకోడు. తల్లి కాయలన్నీ గంపలకెత్తింది. ఒంటి మీది చీరకొంగు తీసి గంపల మీద పరిచింది.

కొంగు మిరపకాయలకు.

అరచెయ్యి బిడ్డకు.

పొద్దుటి నుంచీ కాయలు ఏరి మండుతున్న చెయ్యి. తల మీద పెడితే నెత్తి భగ్గుమంది. అయినా ఆ పిల్ల చెయ్యి తియ్యమనలేదు.

అంతా ఉంది. అంతా... ఎవరింట్లోనో జరిగినట్టుంది. అవ్వ 'అమ్మ' అయింది. మొగులు 'మేఘం' అయింది. కొంగు 'పమిట చెంగు' అయింది.

"'చిరుజల్లే కదా తల్లీ, భయపడకు' అంది అమ్మ..." ఆయన చదువుతున్నాడు.

"మా అవ్వ గట్ల అనలే."

అందరూ గడప వైపు తిరిగారు. అన్నది తానేనని ఉప్పలమ్మకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

వెంకటసుబ్బారావు గారు కళ్ళద్దాలు తీశాడు. "మరేమందమ్మా?"

"గా సన్న ఆనకు మా అవ్వ ఒక మాట అనేది సారూ. ఊర్ల ఇంకెవ్వరు అనకపోయేది. నేను గదే రాసిన. పత్రికోల్లు మార్చిన్రు."

"ఏ మాట?"

చెప్పబోయింది.

లేదు.

కళ్ళ ముందు అవ్వ ఉంది. తడిసిన ముంగురులున్నాయి. పెదవులు కదులుతున్నాయి. చప్పుడు లేదు. ఆ మాట ఉండాల్సిన చోట చిరుజల్లు కూర్చుని ఉంది. ఒక్కసారే చదివింది కదా...

ఒక్కసారే చాలింది.

గదిలో వాళ్ళు సాయం చేయబోయారు. మా వైపు తుంపర అంటామమ్మా అన్నాడాయన. ఒకమ్మాయి తుప్పర అన్నది. ముసురేమో అన్నారెవరో. సన్న సినుకులా అన్నారింకెవరో. తలా ఒకరు తమ ఇంటి వానను తెచ్చి ఆమె ముందు పెట్టారు. దేనికీ ఉప్పలమ్మ తలూపలేదు.

ఆ రోజు నుంచి వెతుకులాట.

చపాతీ ఒత్తుతూ వెతికింది. క్యాంపస్ చెట్ల కింద నుంచి ఇంటికి నడుస్తూ వెతికింది. జూన్‌లో వానలు పడ్డాయి. సన్న వాన వచ్చిన ప్రతిసారీ మెస్సు వెనక వాకిట్లో చెయ్యి చాపి నిలబడింది. వాన చేతిలో పడింది.

మాట పడలేదు.

ముప్పై ఏళ్ళు ఆ మాట లేకుండానే బతికింది. లేదని తెలియకుండా బతికింది. ఇప్పుడు తెలిసింది — అన్నం ముందు కూర్చున్నా అదే, కళ్ళు మూసినా అదే.

వచ్చే నెలాఖరుకు పుస్తకం నల్లకుంటలో ప్రెస్సుకు ఇచ్చేయాలి. స్నిగ్ధ మెస్సుకు వచ్చింది. మెల్లగా అన్నది:

"తుంపర అని పెట్టనా అమ్మా? అందరికీ అర్థమవుతుంది."

ఉప్పలమ్మ చేతిలోని పిండి ముద్దను కింద పెట్టింది.

"గప్పుడు వాల్లు గూడ గట్లనే అనుకున్నరేమో బిడ్డా."

స్నిగ్ధ తల దించుకుంది. ఆ తర్వాత ఒక్కటే అడిగింది. ఆ మాట విన్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?

ఉన్నది ఒక్కరే. రాములవ్వ. వరుసకు చిన్నమ్మ, అవ్వతో పాటు అదే కళ్లంలో కాయలు ఏరిన మనిషి. ఇప్పుడు అంబర్‌పేట్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఆదివారం ఇద్దరూ ఆటోలో వెళ్ళారు.

ఎనభై దాటిన మనిషి. ఉప్పలమ్మ ముఖాన్ని రెండు చేతులతో తడిమి గుర్తుపట్టింది. విషయమంతా విన్నది. బోసినోటితో నవ్వింది.

"గది మీ అవ్వ మాట గాదే పిల్లా. నీ మాట."

ఉప్పలమ్మకు అర్థం కాలేదు.

"నీకప్పుడు మూడేండ్లు గూడ లేవు. నోరు తిరుగకపోయేది. సన్న ఆన వడితే ఏందో అన్నవ్. మీ అవ్వ ముద్దుగ గదే పట్టుకున్నది. నువ్వు పెద్దగై సక్కగ మాట్లాడినా ఆమె ఇడువలే. నిన్ను పట్నం ఇచ్చినంక గూడ, కళ్లంల సన్న ఆన వడితే సాలు, గదే అనుకుంట నిలవడేది. మేం నవ్వేటోల్లం."

"ఏందది చిన్నమ్మా?"

రాములవ్వ కళ్ళు చిట్లించింది. పెదవులు తడుపుకుంది. కిటికీ వైపు చూసింది. ఉప్పలమ్మ ఆమె మోకాలు పట్టుకుని కూర్చుంది.

చాలాసేపటికి...

"యాదికి వస్తలేదు బిడ్డా."

తిరుగు ప్రయాణం. ఆటో ట్రాఫిక్‌లో ఆగుతూ, కదులుతూ పోతోంది. ఉప్పలమ్మ పక్కకు తిరిగి కూర్చుంది. తాను రేకుల కింద సంసారం దిద్దుకుంటున్న ఆ ఏళ్ళలో, అక్కడ సన్న వాన పడినప్పుడల్లా, అవ్వ కళ్లంలో నిలబడి...

తన మాటే అన్నది. వాననే అన్నదో. తననే పిలిచిందో.

తార్నాకలో దిగేటప్పుడు స్నిగ్ధను ఒకటి అడిగింది. ఒక మంచి నోట్‌బుక్కు కావాలి.

ఇరవై రోజులు రాసింది. మూడింటికి మెస్సు చల్లబడ్డాక, సాయంత్రం పిండి కలిపే లోపల. అవ్వను అవ్వ అనే రాసింది. మొగులును మొగులనే రాసింది. రాస్తూ ఉంటే మరిచిపోయినవెన్నో వచ్చి చేరాయి. కళ్లం పక్కన కుక్క. అవ్వ కాలి కడియం. గంప అడుగున చిరిగిన గోనె. అన్నీ వచ్చాయి, అదొక్కటి తప్ప. అక్కడ నాలుగు వేళ్ళ వెడల్పు జాగా వదిలింది.

చుక్కలు పెట్టాలా, గీత గీయాలా అని అడిగింది స్నిగ్ధ.

"ఏం వెట్టకు. గట్లనే ఉండనియ్యి."

పుస్తకం వచ్చింది. పాత కథ కాదు, ఉప్పలమ్మ మళ్ళీ రాసిన కథ వేశారు. ఆ శనివారం డాబా మీది గదిలో చోటు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. వెంకటసుబ్బారావు గారు పుస్తకాన్ని ఉప్పలమ్మకే అందించాడు. మీరే చదవాలమ్మా అన్నాడు.

చదివింది. వేలు అక్షరాల కింద పెట్టి, నెమ్మదిగా, తడుముకుంటూ. మిరప కళ్లం వచ్చింది. మొగులు వచ్చింది. గంపల మీద కొంగు పరుచుకుంది. అవ్వ అరచెయ్యి వచ్చి బిడ్డ నెత్తి మీద ఆనింది.

వేలు తెల్లటి జాగా మీదికి వచ్చి ఆగింది.

ఎవరూ మాట అందించలేదు.

ఉప్పలమ్మ తరువాతి వాక్యంలోకి వెళ్ళలేదు. ఆ ఖాళీ మీదే వేలుంచి, నోరింకా తిరగని పసిపిల్లలాగా, పెదవులు ఒక్కసారి కదిపి చూసింది...