నూట పది అంగుళాల గదికి కెమెరా

రెండు కెమెరాల్లో ఏది కొనాలో చెప్పమని ముగ్గుర్ని అడిగాను.

మొదట మా ఆయన్ని. ఆయన వంతెనలు కట్టే కంపెనీలో వెల్డరు. పనిచేసే చోటికి ఇక్కణ్ణుంచి రెండు రోజుల ప్రయాణం. మధ్యాహ్నం భోజనాల వేళ పది నిమిషాలు ఫోను చేస్తారు. అందులో సగం “వినిపిస్తోందా?”లకే పోతుంది.

“నీ కుట్టు డబ్బులు, నీ ఇష్టం” అన్నారు.

ఆ మాటలో కోపమేమీ లేదు. ఉన్నా బాగుండేది. కాసేపు పోట్లాడుకునేవాళ్లం.

తర్వాత మా మరిదికి ఫోన్ చేశాను. “ఇందులో ఆలోచించేదేముంది వదినా? మెగాపిక్సెల్స్ దేనికి ఎక్కువుంటే అది పట్టుకొచ్చెయ్” అన్నాడు. వెనకాల బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది.

మూడోది, ఫోన్‌లో నేను చేరిన, ఫోటోలు తీసేవాళ్ల గ్రూపు. ఎవరి ముఖమూ నేను చూడలేదు. “మా పాపనీ, మా గదినీ తీయడానికి తక్కువ ధరలో మంచి డీఎస్ఎల్ఆర్ కెమెరా ఏది?” అని రాశాను. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. తప్పులుంటాయేమోనని నాలుగుసార్లు చెరిపి రాశాను. ఒకాయన జవాబిచ్చాడు: “దానికి ఫోను చాలదా అక్కా?” దాని కింద పదకొండు నవ్వు బొమ్మలు పడ్డాయి. పన్నెండోది పడేలోపు నా ప్రశ్న తీసేశాను.

ఫోను చాలదు. నేను కిటికీ పక్క మిషను వేసుకుని ఒక షర్టుల కంపెనీకి కాలర్లు కుడతాను. నాలుగింటికి వెలుతురు మిషను చక్రం మీదుగా గదిలోకి వస్తుంది. అప్పుడు మా బుడంకాయ, రెండున్నరేళ్లది, ఆ వెలుగులో నిలబడి గిరగిరా తిరుగుతుంది. ఫోన్‌లో తీస్తే దానికి ముఖం ఉండదు. తడిగుడ్డతో తుడిచిన పలక మీద మిగిలిన మరకలా ఉంటుంది. అలాంటివి నా దగ్గర మూడువందలున్నాయి.

మొన్నటిదాకా అది ఎడమ చెవి పట్టుకుని నిద్రపోయేది. ఇప్పుడు మానేసింది. ఏ రోజు మానేసిందో నాకు తెలీదు. ఈ గదిలో అది చేసేవన్నీ చూసేదాన్ని నేనొక్కదాన్నే. నేను మర్చిపోతే అవి జరగనట్టే. నాకా, మర్చిపోతానన్న భయంతో సగం, నిద్ర చాలక సగం, ఏదీ గుర్తుండదు.

పాత కెమెరాలు అమ్మే షాపుకి రెండుసార్లు వెళ్లొచ్చాను. నా డబ్బుకు అక్కడ రెండే ఉన్నాయి. ఒకటి కాస్త కొత్తది, జూమ్ లెన్సుతో. రెండోది పాతది, ఇటుకలా బరువు, రబ్బరు పట్టు ఊడితే అంటించారు. దాని లెన్సుకు జూమ్ లేదు. షాపులో రెండింటితోనూ తీసి చూశాను. రెండూ ఒకదాన్ని మించి ఒకటి బాగున్నాయి. ఇంటికొచ్చాక తట్టింది, ఆ షాపు నిండా ట్యూబులైట్లే, ఆపరేషను గదిలా. అక్కడ ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. గోడ మీద బోర్డేమో “కొన్న సరుకు వాపసు తీసుకోం” అంటోంది. తప్పుది కొంటే మళ్లీ కొనే రోజు వచ్చేసరికి బుడంకాయ బడికి పోతుంటుంది.

మూడోసారి పాపను చంకనేసుకుని వెళ్లాను. కొట్టాయన నన్ను చూడగానే నవ్వారు.

“మెడలో పామేంటి తల్లీ?”

చూసుకుంటే కొలత టేపు. హడావుడిలో తీయడం మర్చిపోయాను. సిగ్గేసింది. కానీ అది చేతికి తగలగానే ఏం చెయ్యాలో తెలిసింది. ఎవరి షర్టైనా వాళ్ల ఒంటి మీదే కదా కొలుస్తాం!

“మా మంచం నుంచి తలుపు దాకా నూట పది అంగుళాలండీ. ఇక్కడ కొలుచుకోవచ్చా?”

“కెమెరాకి కూడా కొలతలు తీస్తావా? కాలరెంత పెడదాం?” అంటూనే ఆయన స్టూలు పక్కకి జరిపారు.

అరవై అంగుళాల టేపు రెండుసార్లు పరిచి పది తగ్గించి, నేల మీద చాక్‌పీసుతో గీత గీశాను. లైట్లన్నీ తీసెయ్యమన్నాను. మా కిటికీ అంత వెలుగే మిగిలేలా షట్టరు సగం దించమన్నాను.

“కొట్టు మూసేశాననుకుంటారమ్మా జనం” అని గొణిగి దించారు.

పాప కొత్తచోటని నా కాళ్లు పట్టుకుని వేలాడింది. తిరగమంటే తిరగదు. కొట్టాయన కాసేపు చూసి, “నేను తిరిగితే తిరుగుతావా?” అని, బల్ల పట్టుకుని, ఆ పెద్ద పొట్టతో ఒక చుట్టు తిరిగారు. అది కిలకిలా నవ్వి తిరగడం మొదలెట్టింది.

గీత మీద నిలబడి జూమ్‌దానితో తీశాను. గది మొత్తం పట్టింది. పాప మాత్రం మళ్లీ మరకే.

పాతదానితో తీశాను. పాప ఉంది. కళ్లున్నాయి. గాల్లోకి లేచిన జుట్టు పోగులు పోగులుగా ఆగి ఉంది.

“ఈ లెన్సు ఎఫ్ నంబరు తక్కువ. నంబరు తగ్గేకొద్దీ కన్ను పెద్దది, వెలుగెక్కువ. తికమకగా ఉంటుందిలే” అన్నారు.

“దారం నంబరూ అంతేనండీ. నంబరు పెరిగేకొద్దీ సన్నం” అన్నాను. ఆ గ్రూపులో వాళ్లకి ఈ సంగతి చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను!

ఆయన పాత కెమెరా నా చేతిలోంచి తీసుకుని, మెత్తటి గుడ్డతో తుడుస్తూ అన్నారు. “ఒకటి చెప్తాను, తర్వాత నన్ననొద్దు. ఇది ఇరుకు లెన్సు. నీ గదిలో నిలువుగా పట్టుకుంటే ఒక మనిషి పడతారు, అంతే. మీ ఆయనా, అత్తగారూ, పాపా అందరూ కూర్చుంటే పట్టరు. ఇంట్లోకి జూమ్‌దే నయం.”

“ఇంట్లో ఇద్దరమేనండీ. ఒకరు కెమెరా పట్టుకోవాలి కదా” అన్నాను.

మామూలుగానే అన్నాను. ఆయన తుడవడం ఆపేశారు. తర్వాత షట్టరు పైకెత్తి, లైట్లు వేసి, అడక్కుండానే ఒక సంచి వెతికి ఆ పాతదాన్ని అందులో పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్‌లో మా ఆయనకి చెప్పాను.

“జూమ్ లేదా? ఒక్క మనిషే పడతారా? మరి నేనొస్తే?”

“మీరొస్తే నేను తలుపు బయటికెళ్లి తీస్తాలెండి.”

ఆయన గట్టిగా నవ్వారు. “ఇంటి మనిషిని బయట నిలబెట్టే కెమెరా కొన్నావన్నమాట” అన్నారు. నేనూ నవ్వాను. ఇంతలో అటువైపు సైరను మోగింది, ఫోన్ పెట్టేశారు.

నాలుగింటికి వెలుగొచ్చింది. పాపని మంచం దగ్గర నిలబెట్టి, నేను తలుపు దాటి నడవాలోకి వెళ్లాను. ఎదురింటి తలుపుకి వీపు ఆనేదాకా వెనక్కి నడిచాను. అప్పుడు కెమెరాలో మా ఆయనకి కూడా చోటు వచ్చింది. పాప, దాని పక్కన ఇంకో మనిషి కూర్చునేంత మంచం. అంత దూరం నుంచి మా గది ఎవరిదో గదిలా ఉంది.

నొక్కబోతుంటే పాప తిరగడం ఆపేసింది. నేనెక్కడున్నానో దానికి కనిపించలేదు. కింది పెదవి ముందుకొచ్చింది.

“ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నానే” అంటూ లోపలికి పరుగెత్తాను.